గోపురం కట్టే ముందు లెక్క: కెమిస్ట్రీ చదువుతున్న మన పిల్లల కోసం

మే, జూన్ నెలలు వచ్చాయంటే ఆరాధన ముగిసే వేళ పాస్టరు గారి చేతికి అందే ప్రార్థన చీటీల్లో ఒకే రకం మనవి ఎక్కువగా కనబడుతుంది. "మా అబ్బాయి డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం కోసం ప్రార్థించండి." "మా అమ్మాయి బి.ఎస్‌సి. కెమిస్ట్రీ పాసయింది, తరువాత ఏం చదివించాలో తెలియడం లేదు." జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం, కామవరపుకోట, చింతలపూడి ప్రాంతాల సంఘాల్లో ఈ చీటీ రాసే తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ బిడ్డే ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. అందుకే ముందు దేవుణ్ణి అడుగుతారు. అది మంచి పనే. అయితే ఆ చీటీ ఒక ఏడాదిన్నర ఆలస్యంగా వస్తోందన్నదే ఈ వారం మేము చెప్పదలచుకున్న సంగతి.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచిన మనిషి ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకునే సంగతి మనకు తెలుసు. పునాది వేశాక లెక్క చూసుకుంటే నలుగురూ నవ్వుతారు. కెమిస్ట్రీ చదివే పిల్లల విషయంలో ఆ లెక్క చూసుకోవలసిన సమయం డిగ్రీ రెండో సంవత్సరం. మూడో సంవత్సరం ఫలితాలు వచ్చేసరికి కొన్ని పరీక్షల దరఖాస్తు గడువులు దాటిపోయి ఉంటాయి, కొన్ని తలుపులు ఒక ఏడాది పాటు మూసుకుపోతాయి. అప్పుడు మిగిలేది తెలిసినవాళ్లెవరో చెప్పిన కంపెనీకి బస్సెక్కడం ఒక్కటే. అలా వెళ్లినవాళ్లు చెడిపోయారని కాదు. చాలామంది కష్టపడి పైకొచ్చారు. కానీ వేరే దారులు కూడా ఉన్నాయని తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

అసలు కెమిస్టు ఏం చేస్తాడు?

2020 డిసెంబరు మొదటి వారం గుర్తు చేసుకోండి. ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులకు వచ్చినవాళ్ల సంఖ్య 500 దాటింది. మన సంఘాలన్నీ ఏలూరు కోసం ప్రార్థించాయి. ఆ రోజుల్లో డాక్టర్లు వైద్యం చేస్తూనే ఒక జవాబు కోసం ఎదురుచూశారు. రక్తంలో ఏముంది? నీళ్లలో ఏముంది? కూరగాయల్లో, పాలల్లో ఏముంది? ఆ నమూనాలు ఢిల్లీలోని ఎయిమ్స్‌కు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు, ఇంకా ఇతర ప్రయోగశాలలకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. తరువాత వచ్చిన నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి.

కంటికి కనబడని పదార్థం ఏదో, అది ఎంత ఉందో తేల్చి చెప్పడం కెమిస్టు పనుల్లో ఒకటి. ఒక పదార్థాన్ని మరో పదార్థంగా మార్చి కొత్తది తయారుచేయడం రెండోది. ఈ రెండిటినీ పిల్లలకు నేర్పడం మూడోది. మన ప్రాంతంలో కెమిస్ట్రీ చదివినవాళ్లు చేసే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒక దాని కిందికి వస్తాయి.

ఇక్కడే రెండు అపోహలు తొలగించుకోవాలి. మందుల షాపు బోర్డు మీద "కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్" అని ఉంటుంది కాబట్టి, బి.ఎస్‌సి. కెమిస్ట్రీ చదివితే మందుల షాపు పెట్టుకోవచ్చని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. కుదరదు. దానికి ఫార్మసీ చదివి ఫార్మసిస్టుగా నమోదు చేసుకోవాలి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి కూడా కెమిస్ట్రీ డిగ్రీ చాలదు, ఫార్మసీ వంటి చదువులు కావాలి. అలాగే కెమిస్ట్రీ వేరు, కెమికల్ ఇంజినీరింగ్ వేరు. మొదటిది పదార్థాల గురించిన శాస్త్రం. రెండోది ఆ పదార్థాలను టన్నుల కొద్దీ తయారుచేసే కర్మాగారాన్ని నిర్మించి నడిపే విద్య. ఈ తేడాలు ఇంటర్ అయిన వెంటనే తెలిస్తే మేలు. అప్పుడు తెలియకపోయినా, ఇప్పుడు చదువుతున్నది చిన్న చదువేమీ కాదని గ్రహించాలి.

మొదటి దారి: మందుల కంపెనీ

హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం. మన ఊళ్ల నుండి బి.ఎస్‌సి. ముగించి వెళ్లే పిల్లల బస్సు ఎక్కువగా ఆగేది ఇక్కడే. హైదరాబాదు ఈ స్థితికి రావడానికి ఒక ప్రభుత్వ సంస్థ కారణం. 1960లలో అక్కడ పెట్టిన ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం ఎందరికో పని నేర్పింది. అందులో పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన బి.ఎస్‌సి. చదివింది గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. కానీ ఆయన బి.ఎస్‌సి. దగ్గర ఆగలేదు. బొంబాయిలో మందుల తయారీ సాంకేతిక విద్య, పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పిహెచ్.డి. పూర్తిచేసిన తరువాతే ఐ.డి.పి.ఎల్.లో చేరారు.

కంపెనీలో కెమిస్టు అంటే ఒకే పని కాదు. నాలుగు విభాగాలు ముఖ్యమైనవి.

ఉత్పత్తి విభాగంలో పని రియాక్టర్ల దగ్గర. ఎంత ద్రావకం పోయాలి, ఎంత వేడి పెట్టాలి, ఎంతసేపు కలపాలి అన్నవి రాసిపెట్టిన ప్రకారం జరిపించి, ప్రతిదీ బ్యాచ్ రికార్డులో నమోదు చేయాలి. షిఫ్టులుంటాయి, నిలబడి చేసే పని, ద్రావకాల వాసన ఉంటుంది. బి.ఎస్‌సి. వాళ్లను ఎక్కువగా తీసుకునేది ఇక్కడికే.

నాణ్యత పరీక్ష విభాగాన్ని క్యూ.సి. అంటారు. తయారైన పదార్థం ఎంత స్వచ్ఛంగా ఉందో హెచ్.పి.ఎల్.సి., జి.సి. వంటి పరికరాలతో కొలిచే చోటు ఇది. ఓపిక, శుభ్రత, లెక్కలో జాగ్రత్త ఉన్నవాళ్లకు సరిపోతుంది. బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. రెండు రకాలవాళ్లూ ఉంటారు.

నాణ్యత హామీ విభాగం క్యూ.ఎ. ఇది కాగితాల మీద నడిచే పని. పద్ధతి ప్రకారం అన్నీ జరిగాయా లేదా అని చూడడం. ఇంగ్లీషులో తప్పులు లేకుండా రాయగలిగినవాళ్లు ఇక్కడ త్వరగా ఎదుగుతారు.

పరిశోధన విభాగం ఆర్ అండ్ డి. కొత్త అణువులను, కొత్త పద్ధతులను తయారుచేసే చోటు. ఇక్కడికి సాధారణంగా ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎం.ఎస్‌సి. చేసినవాళ్లనే తీసుకుంటారు. పైకి వెళ్లే కొద్దీ పిహెచ్.డి. అడుగుతారు.

మా సలహా ఇది. "కంపెనీలో ఉద్యోగం" అనే మాట దగ్గర ఆగకండి. పొద్దున లేచి ఎనిమిది గంటలు ఏ పని చేయాలో అడిగి తెలుసుకోండి. ఉత్పత్తిలో ఐదేళ్లు పనిచేశాక పరిశోధనకు మారడం చాలా కష్టం. మొదటి ఉద్యోగం ఏ విభాగంలో దొరికిందన్నది తరువాతి పదేళ్ల మీద ప్రభావం చూపిస్తుంది.

రెండో దారి: ఎం.ఎస్‌సి.

ఆంధ్రప్రదేశ్‌లోని విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్‌సి. సీట్లకు ఎ.పి. పి.జి.సెట్ రాయాలి. మన జిల్లా కాలేజీలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. దానికి తాడేపల్లిగూడెంలోనూ ప్రాంగణం ఉంది. ఇది అందరికీ తెలిసిన దారే.

తెలియని దారి జామ్. ఐ.ఐ.టి.ల్లో ఎం.ఎస్‌సి. చదవడానికి బి.ఎస్‌సి. వాళ్లు రాసే పరీక్ష ఇది. ఐ.ఐ.టి. అంటే ఇంటర్ తరువాత ఇంజినీరింగుకే అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ జంగారెడ్డిగూడెంలో బి.ఎస్‌సి. చదివిన అమ్మాయి కూడా హైదరాబాదు ఐ.ఐ.టి.లోనో తిరుపతి ఐ.ఐ.టి.లోనో ఎం.ఎస్‌సి. కెమిస్ట్రీ చదవచ్చు. మూడు గంటల పరీక్ష, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మూడో సంవత్సరం చదువుతుండగానే రాయచ్చు. చిక్కంతా తేదీలతోనే. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తులు అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. డిగ్రీ పాసయ్యాక జూన్‌లో ఆలోచించేవాడికి ఈ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్లకు సి.యు.ఇ.టి. పి.జి. అనే మరో పరీక్ష ఉంది. దాని గడువు కూడా డిగ్రీ ఫలితాల కంటే ముందే వస్తుంది.

మూడో దారి: పరిశోధన

ఎం.ఎస్‌సి. తరువాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ అనే పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జె.ఆర్.ఎఫ్. స్థాయిలో నెగ్గి పిహెచ్.డి.లో చేరితే మొదటి రెండేళ్లు నెలకు ₹37,000, తరువాత ₹42,000 ఫెలోషిప్ వస్తుంది. ఇవి 2023 నుండి అమలవుతున్న రేట్లు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. అంటే పిహెచ్.డి. చదవడానికి ఇంటి నుండి డబ్బు తేవలసిన పని లేదు, ఇంటికే కొంత పంపుకోవచ్చు. "ఇంకా ఎన్నేళ్లు చదువుతాడు, మేము పెట్టుకోలేం" అనే తండ్రికి ఈ సంగతి ముందుగా తెలియాలి. ఎం.ఎస్‌సి.లో 55 శాతం మార్కులు, బి.సి., ఎస్.సి., ఎస్.టి. వర్గాలవారికి 50 శాతం ఉండాలి. జె.ఆర్.ఎఫ్.కు వయసు 30 దాటకూడదు. ఆ వర్గాలవారికీ, ఆడపిల్లలందరికీ ఐదేళ్ల సడలింపు ఉంది.

నాలుగో దారి: బోధన, ప్రభుత్వ ఉద్యోగం

బి.ఎడ్. చేసి డి.ఎస్‌సి. రాసి భౌతిక రసాయన శాస్త్రాల ఉపాధ్యాయుడు కావడం మన ఇళ్లలో అందరూ కోరుకునే దారి. గౌరవమైన పని, స్థిరమైన జీతం. దీని లెక్క మాత్రం నిజాయితీగా చూసుకోవాలి. 2018 తరువాత మళ్లీ పెద్ద డి.ఎస్‌సి. జరిగింది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లు ఒక్క దాని కోసమే కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. డి.ఎస్‌సి. కోసం సిద్ధపడండి, కానీ చేతిలో ఒక పని పెట్టుకుని సిద్ధపడండి. కెమిస్ట్రీలో ఎం.ఎస్‌సి. ఉన్నవాళ్లకు విజయవాడ, రాజమహేంద్రవరం రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే పని దొరుకుతుంది. ఇంకో మాట. మన రాష్ట్రంలో 2023-24 నుండి డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. బి.ఎడ్.లో చేరాలనుకునే పిల్లలు తమ డిగ్రీలోని సబ్జెక్టుల కూర్పు ఏ బోధనా పద్ధతికి సరిపోతుందో డిగ్రీలో ఉండగానే అధ్యాపకులను అడిగి నిర్ధారించుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో కెమిస్ట్రీకి తలుపు తెరిచినవి కొన్ని ఉన్నాయి. ఆహార భద్రత అధికారి పోస్టుకు అర్హతల్లో కెమిస్ట్రీలో మాస్టర్స్ డిగ్రీ ఒకటి. ఇక్కడ బి.ఎస్‌సి. చాలదు. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టులను ఎ.పి.పి.ఎస్‌సి. భర్తీ చేస్తుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లోనూ కెమిస్ట్రీ చదివినవారి అవసరం ఉంది. ఇవి ఏటా రావు, వచ్చినా పోస్టులు కొద్దిగానే ఉంటాయి. నోటిఫికేషన్ వచ్చిననాడు అర్హత చేతిలో ఉండాలి.

ఐదో దారి: ఇంటి దగ్గర

మనది పొలాల ప్రాంతం, కెమిస్ట్రీకి ఇక్కడ పనేముంటుందని అనుకుంటాం. ఒకసారి చుట్టూ చూడండి. జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రానికి వచ్చే ఆకు నాణ్యత వెనుక నేల రసాయనం ఉంది. జీలుగుమిల్లిలో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. పెదవేగిలో ఆయిల్ పామ్ మీద జాతీయ స్థాయి పరిశోధన సంస్థ ఉంది. పామాయిల్ గెలలు కోసిన తరువాత ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది, నాణ్యత పడిపోతుంది. నూనె మిల్లులో దాన్ని కొలిచేది ల్యాబ్‌లోని కెమిస్టే. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది.

కొల్లేరు వైపు వెళితే కైకలూరు, ఆకివీడు, భీమవరం దాకా చెరువులే. చేపల రైతుకైనా రొయ్యల రైతుకైనా నీటిలో ఆక్సిజన్, అమ్మోనియా, పి.హెచ్., క్షారత ఎంత ఉన్నాయో తెలియకపోతే ఒక్క రాత్రిలో చెరువు పోతుంది. అందుకే ఆ ఊళ్లలో నీటి పరీక్షల ల్యాబ్‌లు వెలిశాయి. ఎగుమతికి వెళ్లే రొయ్యల్లో నిషేధించిన యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే విదేశాల్లో సరుకంతా తిరగ్గొడతారు. ఆ పరీక్షలు చేసేవాళ్లు కావాలి.

తణుకులో ఆంధ్రా షుగర్స్ పేరు విని చక్కెర ఒక్కటే అనుకుంటాం. ఆ సంస్థ కొవ్వూరులో కాస్టిక్ సోడా, సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేస్తుంది. తణుకులో ఆస్పిరిన్ తయారుచేస్తుంది. ఇస్రో రాకెట్లకు వాడే ద్రవ ఇంధనం కూడా ఆ సంస్థ నుండే వెళుతోంది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినప్పుడు మనం చప్పట్లు కొడతాం. దాని ఇంధనం వెనుక మన గోదావరి జిల్లాల కెమిస్టుల చేతులున్నాయని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇంటి దగ్గర ఉద్యోగాలు హైదరాబాదులో ఉన్నన్ని ఉండవు. కానీ హాస్టల్ ఖర్చు లేకుండా, అమ్మానాన్నల దగ్గర ఉంటూ రెండేళ్లు పని నేర్చుకోవడానికి ఇవి మంచి చోట్లు.

ఎప్పుడు ఏం చేయాలి?

మన రాష్ట్రంలో 2020-21 నుండి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ నియమం వచ్చింది. మొదటి ఏడాది తరువాత సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత స్వల్పకాల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్. చాలాచోట్ల ఇది ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్‌తో ముగుస్తోంది. డబ్బు కట్టి కాగితం తెచ్చుకునే పిల్లలు తమ చేతిలోని మంచి అవకాశాన్ని తామే పారేసుకుంటున్నారు. నిజంగా ఒక ల్యాబ్‌లో రెండు నెలలు నిలబడితే, ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఆ బిడ్డకే తెలుస్తుంది. ఆ రెండు నెలల్లో తెలిసే సంగతి పది మంది చెప్పినా తెలియదు.

మొదటి సంవత్సరంలో: ప్రాక్టికల్స్ శ్రద్ధగా చేయండి. టైట్రేషన్ చేతి అలవాటు కావాలి. ఇంగ్లీషులో ఒక ప్రయోగ నివేదిక సొంతంగా రాయడం నేర్చుకోండి.

రెండో సంవత్సరంలో: పై ఐదు దారుల్లో రెండిటిని ఎంచుకోండి. ఒకటి మొదటి ఎంపిక, రెండోది అది కుదరకపోతే పట్టుకునేది. జామ్ రాయాలనుకుంటే పాత ప్రశ్నపత్రాలతో ఇప్పుడే మొదలుపెట్టండి. వేసవి ఇంటర్న్‌షిప్ నిజమైన ల్యాబ్‌లో చేయండి.

మూడో సంవత్సరంలో: సెప్టెంబరుకల్లా దరఖాస్తుల పని మొదలవ్వాలి. కుల, ఆదాయ పత్రాలు అప్పటికి సిద్ధంగా ఉండాలి.

ఈ పత్రాల విషయంలో మన సంఘాల పిల్లలు ఎక్కువగా నష్టపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. ఎస్.సి. నుండి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలవారు మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గం కిందికి వస్తారు. రాష్ట్ర పరీక్షలకు ఆ పత్రం సరిపోతుంది. జామ్, నెట్, సి.యు.ఇ.టి. వంటి కేంద్ర పరీక్షలకు ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో వేరుగా తీసుకోవాలి, దాని తేదీని కూడా చూస్తారు. చివరి రోజున తహసీల్దారు కార్యాలయం దగ్గర నిలబడితే అది చేతికి రాదు. ఏజెన్సీ గ్రామాల ఎస్.టి. కుటుంబాలకు మాత్రం మతం మారినంత మాత్రాన ఎస్.టి. హోదా పోదు. వీటిలో ఏ పత్రమైనా ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకోండి. అబద్ధపు పత్రంతో సంపాదించిన సీటు జీవితాంతం భయపెడుతూనే ఉంటుంది.

చేరే ముందు అడగవలసినవి

2022 ఏప్రిల్ 13 రాత్రి మన ఏలూరు జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని రసాయన కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల కర్మాగారంలో ద్రావకం ఆవిరై, అంటుకుని, పేలుడులో 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు పనికి వెళ్లినవాళ్లలో మన పిల్లల వయసువాళ్లు ఉన్నారు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు. వేల మంది రోజూ క్షేమంగా పనిచేసి ఇంటికి వస్తున్నారు. కానీ జీతం ఎంతని అడిగే తల్లిదండ్రులు మరికొన్ని ప్రశ్నలు కూడా అడగాలి.

నియామక పత్రం చేతికి ఇస్తారా? పి.ఎఫ్. ఉందా? నెల జీతం ₹21,000 లోపు ఉన్నవారికి వర్తించే ఇ.ఎస్.ఐ. ఉందా? మొదటి రోజుల్లో భద్రతా శిక్షణ ఇస్తారా, లేక నేరుగా రియాక్టరు దగ్గర నిలబెడతారా? వాడే ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రం చూపిస్తారా? కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కు కంపెనీ ఇస్తుందా? రాత్రి షిఫ్టు అయితే, ముఖ్యంగా ఆడపిల్లలకు, రవాణా ఉందా? ఈ ప్రశ్నలు అడిగినందుకు చిన్నబుచ్చే చోట ఉద్యోగం పోయినా నష్టం లేదు. చేరిన తరువాత కూడా మన పిల్లలకు ఒక మాట చెప్పాలి. ప్రమాదం అనిపించిన పనిని "ఇది నాకు నేర్పలేదు" అని ఆపే ధైర్యం తెచ్చుకోండి. అలా ఆపినందుకు సిగ్గుపడనక్కరలేదు.

ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. అది ప్రాణానికి కాదు, మనస్సాక్షికి. క్యూ.సి. ల్యాబ్‌లో ఒక బ్యాచ్ పరీక్షలో తప్పింది. సరుకు ఈ సాయంత్రమే వెళ్లాలి. "మళ్లీ చెయ్యి, పాసయ్యేదాకా చెయ్యి, మొదటిది రాయకు" అని పైనుండి ఒత్తిడి వస్తుంది. చూడ్డానికి చిన్న అంకె. కానీ ఆ మందు ఎక్కడో ఒక తల్లి తన బిడ్డకు వేస్తుంది. విదేశీ తనిఖీ అధికారులు మన దేశపు కంపెనీలకు రాసిన హెచ్చరిక లేఖల్లో ఇలా దిద్దిన రికార్డుల గురించిన ఫిర్యాదులు ఉన్నాయి. త్రాసు గురించి, తూనికరాళ్ల గురించి సామెతల గ్రంథం చెప్పేది సంతలోని వర్తకుడికే కాదు, ల్యాబ్‌లో అంకె రాసే అమ్మాయికి కూడా. ఆ అంకె ఉన్నది ఉన్నట్టు రాసిన రోజున ఆమె చేసిన సేవ ఏ పరిచర్యకూ తీసిపోదు.

సంఘం చేయగలిగింది

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ఆయన 1922లో అమెరికా వెళ్లడానికి ఒక ధర్మసంస్థ, మామగారు డబ్బు సాయం చేశారు. అక్కడ ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదివారు. శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్‌కు ఈనాటికీ వాడే మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. ఆయన తెలివి ఆయనదే. కానీ ఆ తెలివి ఓడ ఎక్కడానికి టికెట్టు మరొకరు కొన్నారు. మన పిల్లలందరూ సుబ్బారావులు కానక్కరలేదు. ఆ సాయం మాత్రం ప్రతి బిడ్డకూ కావాలి.

మనం ఏం చేయగలం? మొదటిది, ఏడాదికి ఒక ఆదివారం సాయంత్రం. మన సంఘాల నుండి వెళ్లి కంపెనీల్లో, కాలేజీల్లో, చెరువుల ల్యాబ్‌లలో పనిచేస్తున్నవాళ్లు పండక్కి ఊరొస్తారు. క్రిస్మస్ సెలవుల్లో వాళ్లను రెండో సంవత్సరం పిల్లల ముందు కూర్చోబెట్టండి. జీతం ఎంత, షిఫ్టు ఎలా ఉంటుంది, తిండి ఎక్కడ, ఏది తప్పు చేశాం అని వాళ్ల నోటితో చెప్పించండి. గొప్పలు వద్దు, నిజం చాలు.

రెండోది, చిన్న నిధి. పరీక్ష దరఖాస్తు రుసుము, పరీక్ష కేంద్రానికి ప్రయాణం, ఒకటి రెండు పుస్తకాలు. రైలెక్కాలంటే ఏలూరో తాడేపల్లిగూడెమో వెళ్లవలసిన మన పిల్లలకు ఆ మాత్రం ఖర్చే అడ్డుపడుతుంది. పొగాకు వేలం డబ్బు వచ్చిన నెలలో, గెలల డబ్బు వచ్చిన వారంలో ఒక్కో కుటుంబం కొంచెం వేసినా ఏడాదికి నలుగురు పిల్లల దరఖాస్తులు వెళతాయి.

మూడోది డబ్బు అక్కరలేనిది. డిగ్రీ అయి ఏడాది ఖాళీగా ఉన్న పిల్లవాణ్ణి ఆరాధన తరువాత "ఇంకా ఉద్యోగం రాలేదా?" అని అడగడం మానేద్దాం. జామ్‌కు చదువుకుంటూ ఏడాది ఇంట్లో ఉన్న అమ్మాయికి "చదువు చాలు, సంబంధం చూశాం" అని తొందరపడడం మానేద్దాం. ఎం.ఎస్‌సి.కి పట్టేది రెండేళ్లు. ఆ రెండేళ్ల ఓపిక లేక ముప్పై ఏళ్ల జీవితాన్ని కుదించేస్తున్నాం.

ఈ ఆదివారం మీ సంఘంలో డిగ్రీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టండి. ఒకరున్నా సరే, ఆ బిడ్డ పక్కన పది నిమిషాలు కూర్చుని, "నీకు ఏ పని ఇష్టం?" అని అడగండి. జూన్‌లో చీటీ మీద రాసే ప్రార్థన ఈ నెలలోనే మొదలవుతుంది.